ఎడమచేతి ఏనుగు

మా ఆయనకి ఏనుగు బొమ్మ వెయ్యడం రాదు.

రాకపోవడమంటే మామూలుగా కాదు. కొత్త కాపురం పెట్టిన నాలుగో రోజు పొద్దున్నే ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అతికించి ఉంది. అందులో ఒక గుమ్మడికాయ, దానికి నాలుగు అగ్గిపుల్లలు, ఒక పక్కన గొట్టం. కింద ‘నీకే’ అని రాసి ఉంది.

“ఇవాళ గుమ్మడికాయ పులుసు పెట్టమనా?” అని అడిగాను.

“అది ఏనుగు తనూ,” అన్నాడు ఫణీంద్ర, మొహం చిన్నబుచ్చుకుని.

నవ్వు ఆపుకోలేక వంటగట్టు పట్టుకుని కింద కూలబడ్డాను. ఆ రోజు నుంచి రోజుకో ఏనుగు. గొడుగు వేసుకున్న ఏనుగు, స్కూటర్ ఎక్కిన ఏనుగు, నా మీద అలిగిన ఏనుగు. ఒక్కదానికీ ఏనుగు పోలిక లేదు. కాలేజీలో నాలుగేళ్ళు చిత్రకళ చదివిన నేను ఆ కాగితాలన్నీ పెళ్ళి పట్టుచీర మడతల్లో దాచుకున్నాను.

విచిత్రం ఏమిటంటే, ఏనుగు వెయ్యడం రాని ఈ మనిషే ఎవరిచేతనైనా ఏనుగు వేయించే యంత్రం తయారుచేశాడు.

దాని పేరు ఒరవడి. చూడ్డానికి చేతి గడియారం పట్టీలా ఉంటుంది. పంతులుగారు పలక మీద రాసిన అక్షరాన్ని పిల్లలు దిద్దినట్టే, ఇక్కడ కండరాలు దిద్దుతాయి. బొమ్మలొచ్చిన మనిషి ముంజేతికి తీగలు అతికించి, ఏ గీతకి ఏ కండరం ఎప్పుడు బిగుస్తుందో మొత్తం నమోదు చేస్తారు. అది పట్టీలోకి ఎక్కిస్తే, కట్టుకున్న పిల్లల చెయ్యి అచ్చం అలాగే కదులుతుంది. నొప్పి ఉండదు. చీమ పాకినట్టుంటుంది, అంతే. రోజుకో గంట చొప్పున నూరు రోజులు కట్టుకుంటే, ఆ తర్వాత పట్టీతో పనే లేదు. చేతికి దారి పడిపోతుంది. జన్మలో మరచిపోదు.

కాకినాడ శివార్లలో ఫణీంద్ర పనిచేసే ల్యాబ్‌కి ఒక మంచి చెయ్యి కావలసివచ్చింది. ఆ చెయ్యి నాది. నలభై రోజులు ముంజేతికి తీగలు పెట్టించుకుని పువ్వులు, పక్షులు, ఇళ్ళు, పడవలు, జంతువులు వేశాను. సాయంత్రం తీగలు పీకేటప్పుడు చర్మం మంట పుట్టకుండా కొబ్బరినూనె రాసేవాడు ఫణీంద్ర. ముప్పయ్యో రోజుకి ఆ నూనె రాయడం అవసరానికి మించి సాగుతోందని ఇద్దరికీ అర్థమయింది. ఆర్నెల్లు తిరక్కుండానే పెళ్ళి.

అన్నీ ఒకేసారి కలిసొచ్చాయి నాకు. హార్బరు పక్క మత్స్యకారుల కాలనీలోని ప్రాథమిక పాఠశాలలో బొమ్మల టీచర్ ఉద్యోగం వచ్చింది. ఒరవడిని మొదట పరీక్షించి చూసేదీ అక్కడే. రెండో తరగతి, ముప్పై ఒక్కమంది పిల్లలు. నా కాపురం మొదలైన వారానికి వాళ్ళ చేతులకి పట్టీలు కట్టాం.

మొదటి రోజు టాబ్లెట్‌లో ‘తామరపువ్వు’ అని నొక్కాను. ముప్పై ఒక్క పెన్సిళ్ళు ఒకేసారి కదిలాయి. ముప్పై ఒక్క తామరపువ్వులు, నావి, నా రేకుల వంపుతో సహా విచ్చుకున్నాయి. ఆఖరున పిల్లలందరూ కాగితం కుడిపక్క అడుగున ఒక నల్లచుక్క పెట్టారు.

పకపకా నవ్వాను. అది మా అమ్మమ్మ నేర్పిన అలవాటు. బొమ్మ ఎంత బాగా కుదిరినా మూల ఒక దిష్టిచుక్క పెట్టాలి. నాకు తెలియకుండానే పెడతాను. యంత్రం దాన్నీ వదల్లేదు! ఆ సాయంత్రం స్కూటర్ మీద ఫణీంద్ర నడుం పట్టుకుని దారిపొడుగునా అదే చెప్పుకుంటూ వచ్చాను. బీచిలో మొక్కజొన్నపొత్తు కొనుక్కుని చెరో సగం తిన్నాం. అంత సంతోషంగా ఉన్న మనిషికి ఏమీ కనిపించదు.

నూకరత్నం అనే ఏడేళ్ళ పిల్ల ఉంది ఆ తరగతిలో. పట్టీలు రాకముందు అది వేసిన బొమ్మ ఒకటి నా బల్ల మీద అద్దం కింద పెట్టుకున్నాను. చిన్న బోటు, ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. దాని మీద బోటు కంటే పెద్ద కాకి.

“కాకి అంత పెద్దగా ఉంటుందా?” అని అడిగాను అప్పుడు.

“అది కూకుంటే బోటు ఒరిగిపోద్ది టీచర్. మరి పెద్దది కాదా!”

నీళ్ళ అడుగున ఒక మనిషి జుట్టు పైకి లేచి నిలబడి ఉన్నాడు. “ఈయనెవరు?”

“మా నాన్న. వల సిక్కుకుంటే ఇప్పడానికి దిగాడు. ఇప్పేసి వచ్చేస్తాడు.”

ఆ బొమ్మకి నేను ఎన్ని మార్కులు వెయ్యాలో తెలియక, మార్కులు వెయ్యలేదు.

యాభై ఎనిమిదో రోజు వాళ్ళ నాయనమ్మ పోలమ్మ తరగతి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేపల గంప బయట దించి, మనవరాలి పుస్తకం మాత్రం పొడిచేత్తో పట్టుకొచ్చింది.

“ఏటి పంతులమ్మా ఇది? ఈ పడవెవరిది?”

“మీ నూకరత్నమే వేసిందమ్మా. ఎంత బాగుందో చూడండి!”

“బాగుంది. కేలండర్ మీద బొమ్మలాగుంది. మాది ఇంజిను బోటు. దీనికి తెరసాప ఎవుడు కట్టాడు?”

తెరచాప కట్టింది నేనే. నా చిన్నప్పుడు చూసిన కేలండర్లోంచి నా చేతికి వచ్చిన తెరచాప.

“నువ్వెప్పుడన్నా సముద్రంలోకి ఎళ్ళావా అమ్మా?” అడిగింది పోలమ్మ. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టే.

“లేదమ్మా.”

“మా పిల్ల ఎళ్ళింది.”

ఆమె వెళ్ళాక నూకరత్నం పట్టీ విప్పాను. “మీ బోటు వెయ్యి. కాకితో సహా.” పిల్ల పెన్సిలు పట్టుకుంది. బోటు అడుగు గీసింది, నేను గీసినట్టే. తెరచాప లేచింది. వేళ్ళు తెల్లబడేలా పెన్సిలు బిగించి పట్టుకుంది. అయినా ఆగలేదు.

“నేనొద్దంటున్నాను టీచర్. సెయ్యే ఏసేస్తంది.”

ఆఖరున, పట్టీ లేని ఆ చిన్న చెయ్యి కాగితం మూల నల్లచుక్క పెట్టింది. మా అమ్మమ్మ చుక్క. ఇంకా నలభై రెండు రోజులున్నాయి. ఆ తర్వాత ఈ చెయ్యి ఎప్పటికీ నాదే.

మరునాడు ల్యాబ్‌కి వెళ్ళాను. గాజు గదిలో గోడ నిండా తెరలు, వాటి మీద ముప్పై ఒక్క గీతలు ఒకదాని మీదొకటి పడుతూ ఒకే గీతైపోతున్నాయి. డైరెక్టర్ చక్రపాణిగారు వాటిని పసిపిల్లని చూసుకున్నట్టు చూసుకుంటున్నారు. మంచి మనిషే. మా పెళ్ళికి వెండి కుంకుమభరిణె ఇచ్చారు.

“ఆపెయ్యండి సార్,” అన్నాను.

“ఏమైందమ్మా? పిల్లలకేమైనా నొప్పా?”

“కాదండీ. వాళ్ళ బొమ్మలు పోతున్నాయి.”

“అవి బొమ్మలంటావా? పిచ్చిగీతలు. చూడు తల్లీ, డబ్బున్న వాళ్ళ పిల్లలకి ఇంటికొచ్చి నేర్పేవాళ్ళుంటారు. ఈ పిల్లలకెవరున్నారు? ముప్పై ఒక్కమందికి నీ అంత విద్య వచ్చేసింది. సంతోషపడక ఏడుస్తావేంటి?”

ఆయన మాటలో నిజం లేకపోలేదు. అందుకే మరీ ఒళ్ళు మండింది.

“వాళ్ళకి విద్య రాలేదు సార్. నాకే ముప్పై ఒక్క చేతులు ఎక్కువొచ్చాయి.”

ఆయన నవ్వారు. నూరో రోజున విద్యాశాఖ నుంచి అధికారి వస్తారనీ, ఆ రోజు గడిస్తే రాష్ట్రంలో ప్రతి ప్రాథమిక పాఠశాలకీ పట్టీలు వెళతాయనీ, తరగతి టీచర్‌గా నివేదిక మీద నా సంతకం కావాలనీ గుర్తుచేశారు. “కొత్త కాపురం కదా, కుదురుగా ఆలోచించుకో. ఫణీంద్ర ప్రమోషన్ కూడా దీని మీదే ఉంది.”

ఇంటికొచ్చి ఫణీంద్రతో దెబ్బలాడాను. పెళ్ళయ్యాక అదే మొదటి దెబ్బలాట.

“మరచిపోకుండా నేర్పడం తప్పా? నువ్వు ఈత మరచిపోగలవా?” అన్నాడు.

“ఈత నేర్పితే ఎక్కడికైనా ఈదుతారు. నువ్వు ఒకే గట్టుకి ఈదడం నేర్పావు.”

“ఆ గట్టు నీదే కదే!”

అసలే పదిరోజులుగా ఫ్రిజ్ మీద ఏనుగులు కూడా ఆగిపోయాయి. పని ఎక్కువ అన్నాడు. నేనూ బింకంగా అడగలేదు.

డెబ్బై తొమ్మిదో రోజు పొద్దున్న మళ్ళీ ఫ్రిజ్ మీద కాగితం కనిపించింది. పరుగెత్తుకెళ్ళాను.

ఏనుగు. చెవుల్లో నరాలు, మోకాళ్ళ దగ్గర ముడతలు, తొండం చివర వేలిలాంటి మొన, అన్నీ ఉన్నాయి. అడుగున కుడిపక్క నల్లచుక్క.

“ఎలా ఉంది?” వెనక నుంచి వచ్చి భుజం మీద గడ్డం ఆనించాడు. “నెల్లాళ్ళుగా పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ల్యాబ్‌లో నేనూ పట్టీ కట్టుకుంటున్నాను. నీ పుట్టినరోజుకి చూపిద్దామనుకున్నా, ఆగలేకపోయాను.”

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుస్తున్నాను.

“ఏమైంది తనూ? బాగాలేదా?”

“గుమ్మడికాయ వెయ్యి,” అన్నాను. “నా గుమ్మడికాయ ఏనుగు వెయ్యి.”

నవ్వుతూ పెన్సిలు తీశాడు. నా ఏనుగు వచ్చింది. కావాలని వంకరగా వెయ్యబోయాడు. నా ఏనుగే. మూడోసారి కళ్ళు మూసుకుని వేశాడు. మూల చుక్క పడింది. పెన్సిలు కిందపెట్టి, ఎవరో తన ఇంట్లో మరచిపోయిన వస్తువుని చూసినట్టు తన చేతిని చూసుకున్నాడు.

“నువ్వు చెప్పిన ఆ బోటు పిల్లకీ ఇలాగే ఉంటుందా?” అని అడిగాడు.

“ఇలాగే ఉంటుంది.”

రెండు రాత్రులు ఫణీంద్ర కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. పట్టీ లోపల ఎక్కడ ఏం మార్చినా చేతికి పడిన దారి చెరగదని లెక్కలు వేసి వేసి అలిసిపోయాడు. మూడో రోజు ఆదివారం. అతను పెసరట్టు తింటున్నాడు, కుడిచేతి నిండా అల్లప్పచ్చడి. నేను పొయ్యి దగ్గర్నుంచి కేకేశాను.

“సరుకుల చీటీలో చింతపండు రాయి, మళ్ళీ మరచిపోతాం!”

చెయ్యి కడుక్కోవడానికి బద్ధకించి, ఎడమచేత్తో రాశాడు. కోడి గీకినట్టుంది. అలవాటు కొద్దీ పక్కనే ఏదో గీశాడు. అట్టు వడ్డించడానికి వెళ్ళి చూద్దును కదా, గుమ్మడికాయ! నాలుగు అగ్గిపుల్లలు, గొట్టం!

అట్లకాడ అక్కడే పడేసి చీటీ లాక్కున్నాను. “ఎలా వేశావు?”

అతను తన ఎడమచేతిని చూసుకున్నాడు. తర్వాత కుర్చీలోంచి లేచిపోయాడు. “కుడిచేతికి పడిన దారి దీనికి తెలీదు! తనూ, దీనికి ఎవరూ ఏమీ నేర్పలేదు!” పచ్చడి చేత్తోనే నా బుగ్గలు పట్టుకున్నాడు. మొహమంతా అల్లప్పచ్చడి.

ఆ రోజే అతనికి ఒక సంగతి చెప్పాను. నేను పుట్టు ఎడమచేతి వాటం. యూకేజీలో ఎడమచేత్తో పలక మీద రాస్తున్నానని ఎర్ర రిబ్బనుతో ఆ చెయ్యి నా నడుముకి కట్టేసేవారు. ఎడమచేత్తో ప్రసాదం అందుకుంటే మా అమ్మ వేళ్ళ మీద కొట్టేది. ఏడాదికి చెయ్యి మారింది, నేనూ మరచిపోయాను. ల్యాబ్‌లో నలభై రోజులు నమోదైన చెయ్యి, దెబ్బలకి భయపడి నేర్చుకున్న చెయ్యి.

సోమవారం తరగతిలో ముప్పై ఒక్క పట్టీలూ విప్పి అట్టపెట్టెలో పడేశాను. తలా ఒక సుద్దముక్క ఇచ్చి నేల మీద కూర్చోబెట్టాను. “ఎడమచేత్తో వెయ్యండి.”

తరగతి మొత్తం నోరు తెరిచింది.

“టీచర్, ఎడంసెయ్యి తప్పు!” అన్నాడొకడు.

“ఎవరన్నారు?”

“అందరూ.”

“సరే, తప్పే చేద్దాం. ముందు నేను చేస్తాను.”

నేల మీద ఎడమచేత్తో నక్క వేశాను. అది నక్కో, ఇస్త్రీపెట్టో నాకే తెలియలేదు. పిల్లలు పడి పడి నవ్వారు. నేనూ నవ్వాను. ఇరవై ఏళ్ళ తర్వాత ఆ చెయ్యి నన్ను పలకరించినట్టనిపించింది. తర్వాత వాళ్ళు వంగి కూర్చున్నారు. నాలికలు బయటపెట్టి, కష్టపడి, వణుకుతూ గీశారు. ఒకడి ఇంటికి తలుపు పైకప్పు మీద ఉంది. ఒకతె సూర్యుడికి జడ వేసింది. ఒక్కరూ చుక్క పెట్టలేదు.

నూకరత్నం మాత్రం మొదటి మూడు రోజులు ఏమీ వెయ్యలేదు. సుద్ద పట్టుకుని, మళ్ళీ తెరచాప వస్తుందేమోనని భయపడి, కిందపెట్టేసేది. నేను బలవంతపెట్టలేదు. నాలుగో రోజు ఒక అడ్డగీత గీసి, ఆగి, చూసుకుని, “రాలేదు టీచర్,” అంది గుసగుసగా. “తెరసాప రాలేదు.”

పట్టీలు కట్టకపోతే ల్యాబ్‌లో గీతలు రావు. తొంభై రెండో రోజు పొద్దున్నే స్కూలు ముందు కారు ఆగింది. చక్రపాణిగారు, నూరో రోజుకి ఆగకుండా ముందే తనిఖీకి వచ్చిన విద్యాశాఖ పెద్దావిడ, వెనకాల కొత్త పట్టీల పెట్టె మోసుకుంటూ మా ఆయన.

పిల్లలు నేల నిండా పరుచుకుని బొమ్మలు వేస్తున్నారు. పెద్దావిడ గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఇదేంటమ్మా, అందరూ ఎడమచేత్తో? శుభమా అని తనిఖీకొస్తే!”

“కుడిచెయ్యి వాళ్ళది కాదండీ ఇప్పుడు. నాది. అందుకని,” అన్నాను.

చక్రపాణిగారి మొహం ఎర్రబడింది. “ఎనిమిది రోజులు, తనూజా! ఎనిమిది రోజుల్లో పూర్తయ్యేదాన్ని పాడుచేశావు. ఫణీంద్రా, పట్టీలు కట్టు.”

ఫణీంద్ర పెట్టె కిందపెట్టాడు. చేతిలోకి పట్టీ తీసుకుంటాడనుకున్నాను. అతను బూట్లు విప్పి, ప్యాంటు పైకి లాక్కుని, పిల్లల మధ్య బాసింపట్టు వేసుకు కూర్చున్నాడు. ఎడమచేత్తో ఒక సుద్దముక్క తీసుకున్నాడు.

“ఇదేంటి సార్, గుమ్మడికాయా?” అడిగాడు పక్క పిల్లవాడు.

“ఏనుగురా బాబూ.”

“ఓలమ్మో!”

పెద్దావిడ అప్పటికే నూకరత్నం దగ్గర వంగి చూస్తోంది. వంకర బోటు. ఇంజిను పొగ. బోటు కంటే పెద్ద కాకి. నీళ్ళ అడుగున, జుట్టు పైకి లేచిన మనిషి.

“అడుగున ఎవరే?”

“మా నాన్న. వల సిక్కుకుంది.”

“ఎప్పుడొస్తాడు?”

నూకరత్నం తల ఎత్తలేదు. “రాడు. రెండేళ్ళయింది. అందుకే ఏస్తన్నాను.”

కిటికీ అవతల పోలమ్మ ఎంతసేపట్నుంచి నిలబడిందో. “అదీ మా బోటు,” అంది నెమ్మదిగా. తర్వాత గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

కారు దగ్గరికి నడిచేటప్పుడు పెద్దావిడ, టీచర్ సంతకం లేకుండా ఈ ఫైలు తను ముందుకి పంపలేనని చక్రపాణిగారితో అంది. ఆయన వెనక్కొచ్చి నివేదిక నా బల్ల మీద పెట్టారు. ‘పిల్లలపై దుష్ప్రభావం లేదు’ అని అచ్చువేసి ఉంది.

“సంతకం పెట్టమ్మా. పెట్టకపోయినా నీ చెయ్యి మా దగ్గర నమోదై ఉంది. రాసిచ్చావు. ఈ ఊరు కాకపోతే ఇంకో ఊరు.”

“ఉంచుకోండి సార్. కుడిది మీ దగ్గరుంది. ఎడమది నా దగ్గరుంది.”

అచ్చువేసిన ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాను. దాని పైన, ఎడమచేత్తో, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాశాను: ‘పిల్లల బొమ్మలు పోయాయి. వెనక్కి తెచ్చుకుంటున్నాం.’ కింద సంతకం పెట్టాను. అక్షరాలు ఒకదాని మీదొకటి పడ్డాయి.

ఆయన కాగితం దూరంగా పట్టుకుని చూశారు. “ఇది నీ సంతకంలా లేదు. సరిపోలదు.”

“సరిపోలదండీ,” అన్నాను. “ఇప్పుడే నేర్చుకుంటోంది.”

సాయంత్రం స్కూటర్ మీద ఫణీంద్ర చెప్పాడు, రేపట్నుంచి ల్యాబ్‌కి రానక్కర్లేదన్నారని. పిల్లల కుడిచేతుల్లో నా గీతలు మాసిపోవచ్చు, మాసిపోకపోనూ వచ్చు, తనకి తెలియదని కూడా చెప్పాడు. బీచి దగ్గర ఆగాం. ఒకే మొక్కజొన్నపొత్తు కొనుక్కుని చెరో సగం తిన్నాం.

“అయితే రేపు పొద్దున్న టిఫిన్ నువ్వే చెయ్యాలి,” అన్నాను.

పొద్దున్న లేచేసరికి ఉప్మా మాడిన వాసన. ఫ్రిజ్ మీద కొత్త కాగితం. అయిదు కాళ్ళు, రెండు తొండాలు, ఒక చెవి ఎక్కడో గాల్లో ఉంది. ఇదివరకటి గుమ్మడికాయే నయం. నా కుడిచెయ్యి అలవాటు కొద్దీ పెన్సిలు తీసుకుని కాగితం మూలకి వెళ్ళింది.

అక్కడ ఆపేశాను. ఈ ఏనుగుకి ఎవరి దిష్టీ తగలదు.